సిగ్నల్ దొరికే కొస

గేరు విరిగిన మర్నాడు పొద్దున్న ఢిల్లీరావు బోటు ముందు భాగంలో నిలబడి ఎదురుగా ఉన్న కొండను చాలాసేపు చూశాడు. రాత్రంతా లంగరు ఆగుతుందో లేదోనని ముగ్గురూ కన్ను మూయలేదు. లంగరు ఆగింది. కానీ ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. గాలి దిశ మారితే బోటు వెళ్ళి రాళ్ళ మీద పడుతుంది.

అండమాన్ దీవుల్లో చేపల వేటకు వచ్చిన ఫైబర్ బోటు అది. బోటు నడిపే సరంగు ఢిల్లీరావుతో పాటు అతని బావమరిది ఈశ్వర్, వాళ్ళ ఊరివాడే కామేశ్ ఉన్నారు. ముగ్గురిదీ వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. అక్కడ వేట సన్నగిల్లినప్పుడల్లా నలుగురైదుగురు ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి, ఆర్నెల్లు పనిచేసి వెళ్తుంటారు. బోటు యజమాని రాజేంద్ర కూడా వాళ్ళ వైపు మనిషే. అతని తాత సంతబొమ్మాళి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు.

గేరు విరిగాక గాలి వాళ్ళను మనుషులు లేని ఈ దీవి చాటుకు తోసింది. వైర్‌లెస్ సెట్టులోకి నీళ్ళు వెళ్ళి అది మూగబోయింది. ఫోన్లలో ఒక్క గీత కూడా రావడం లేదు. అయితే దీవి తూర్పు కొసన ఓడలకు దారి చూపే లైటు స్తంభం ఒకటి ఉందని, అక్కడికెళితే ఎదుటి దీవి టవర్ నుంచి సిగ్నల్ దొరుకుతుందని మిగతా బోట్లవాళ్ళు అనగా ఢిల్లీరావు విన్నాడు. లైటు బాగుచేయడానికి వచ్చేవాళ్ళు వేసుకున్న కాలిబాట ఇసుక ఒడ్డు నుంచి మొదలై అడవిలోంచి కొండెక్కి, కొండ వెన్ను మీదుగా ఆ కొస దాకా పోతుంది.

"కామేశ్ బోటు కాడ ఉంటాడు. నానెల్లొత్తాను," అన్నాడు ఢిల్లీరావు.

"ఒక్కడివే ఏటి బావా? నానూ వొత్తాను," అన్నాడు ఈశ్వర్.

"నీకు ఎత్తంటే బయం గదా."

"బయమే. అయినా వొత్తాను."

ఢిల్లీరావు కాదనలేదు. మామూలుగా అయితే కసిరి కూర్చోబెట్టేవాడు. కాదనకపోవడం ఈశ్వర్‌కు వింతగా తోచింది.

ఈశ్వర్‌కు ముప్పై ఏళ్ళు. పద్నాలుగో ఏట నుంచి సముద్రం మీద ఉన్నాడు. తుపాను అలల మీద బోటు నిలువునా లేచినా చెయ్యి వణకని మనిషి. కానీ ఎత్తు పడదు. వాళ్ళ ఊళ్ళో కొండలు లేవు. ఇసుక, జీడితోటలు, కొబ్బరిచెట్లు తప్ప తల పైకెత్తి చూడాల్సినవి లేవు. తుపాను షెల్టరు డాబా మీదకు అందరూ సరదాగా ఎక్కినా అతను పిట్టగోడ దగ్గరకు వెళ్ళేవాడు కాదు.

ఫోన్లను, బోటు ఉన్న చోటు జీపీఎస్ అంకెలు రాసుకున్న కాగితాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి తలకు కట్టుకుని, రెండు నీళ్ళ సీసాలు, చెప్పులు నడుముకు బిగించి ఇద్దరూ ఒడ్డుకు ఈదారు. కామేశ్ బోటులోంచి కేకేశాడు.

"మావా, గాలి మారితే నానేటి సెయ్యాలి?"

"రెండో లంగరు కూడా దించు. అదీ ఆగకపోతే బోటొగ్గీసి ఒడ్డుకొచ్చీ," అన్నాడు ఢిల్లీరావు.

బోటు వదిలేసి రమ్మని బావ అనడం ఈశ్వర్ ఎప్పుడూ వినలేదు. అప్పటికి తొమ్మిది గంటలైంది.

అడవిలో బాట సగం మూసుకుపోయింది. తీగలు తప్పించుకుంటూ, కుళ్ళిన ఆకుల మీద జారుతూ ఎక్కారు. గాలి ఆడటం లేదు. చొక్కాలు వీపుకు అంటుకున్నాయి. ఢిల్లీరావు ముందు నడుస్తున్నాడు. ప్రతి ఇరవై అడుగులకూ చెట్టు పట్టుకుని ఆగుతున్నాడు. నలభై రెండేళ్ళ మనిషి, నిండా చేపలు పడ్డ వలను ఒంటి చేత్తో పైకి లాగేవాడు, ఇలా ఆయాసపడటం ఏమిటని ఈశ్వర్ అనుకున్నాడు. రాత్రి నిద్రలేక అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు.

గంటన్నరకు చెట్లు అయిపోయాయి.

ఒక్కసారిగా గాలి వచ్చి మొహానికి కొట్టింది. ఈశ్వర్ అక్కడే నిలిచిపోయాడు. కొండ వెన్ను ముందుకు సాగుతూ సముద్రంలోకి పొడుచుకుపోయింది. ఎండిన గడ్డి, ఊడివచ్చే రాళ్ళు, అక్కడక్కడ మొగలి పొదలు. పట్టుకోవడానికి చెట్టు లేదు. కుడివైపు కొండ నిలువుగా తెగి నీటిలోకి దిగిపోయింది. ఎడమవైపు వాలు కొంచెం నయం, కానీ దాని చివరా నీళ్ళే. బాట వెడల్పు కొన్నిచోట్ల రెండు మూరలు కూడా లేదు. దూరంగా, చిటికెన వేలంత, తెల్లటి స్తంభం కనిపిస్తోంది.

"కిందికి సూడకు," అన్నాడు ఢిల్లీరావు. "నౌపడలో ఉప్పు మడుల గట్ల మీద నడవనేదేటి? ఇదీ అలాంటి గట్టే అనుకో."

"అక్కడ పడితే మోకాలు దాకా నీళ్ళు బావా."

"పడొద్దు మరి."

నడిచారు. ఈశ్వర్ బావ మడమల మీదే చూపు నిలిపి అడుగు వేశాడు. గాలి విసిరినప్పుడల్లా ఒళ్ళు కుడివైపుకు తూలుతోంది. బోటు మీద అయితే కాళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయి. ఇక్కడ కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. నోరు ఎండిపోయింది. సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి బావకు అందించాడు.

"నాకొద్దు. నువ్వు తాగు."

"పొద్దున్నించి తాగనేదు నువ్వు."

"తాగితే కక్కొత్తంది."

అప్పుడే ఈశ్వర్ ఆ మడమలను సరిగ్గా చూశాడు. చీలమండలు కనిపించడం లేదు. పాదం, పిక్క ఒకే లావుగా ఉన్నాయి. చెప్పు పట్టీ చర్మంలోకి దిగిపోయింది.

"కూకో బావా," అన్నాడు.

"ఎందుకు?"

"కూకో."

ఢిల్లీరావు రాతి మీద కూర్చున్నాడు. ఈశ్వర్ అతని కాలి మీద బొటనవేలితో నొక్కి తీశాడు. పడిన గుంట పూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉప్పునీటికి పొంగినాయి."

"మా నాన్నకీ ఉప్పునీటికే పొంగినాయన్నాడు. మూడేళ్ళు పొంగినాయి."

ఢిల్లీరావు సముద్రం వైపు తిరిగాడు. ఎండ నడినెత్తికి వస్తోంది.

"ఓడెక్కే ముందు ఊళ్ళో పరీక్షల క్యాంపు పెట్టినారు గదా. రెత్తం ఇచ్చినాను. రెండు దినాల తరవాత ఫోను సేసినారు. రెండు పాయింట్ల ఎనిమిది ఉంది, పలాస ఆసుపత్రికి రమ్మన్నారు."

ఊరూరా కిడ్నీ జబ్బు ఉన్న వాళ్ళ ఉద్దానం ప్రాంతంలో ఆ అంకెల సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. రక్తంలో క్రియాటినిన్ చూపే ఆ అంకె పెరుగుతున్నకొద్దీ కిడ్నీలు తరుగుతున్నట్టు.

"ఎల్లినావా?"

"ఓడెక్కీసినాను."

"అప్పకి సెప్పనేదు," అన్నాడు ఈశ్వర్, అక్కను తలచుకుని.

"సెప్పనేదు. నువ్వూ సెప్పకు." అతను ఈశ్వర్ వైపు తిరిగాడు. "మీ నాన్నని వారానికి మూడు సార్లు డయాలసిస్‌కి తిప్పింది మీ అప్పే. మూడేళ్ళు. పొద్దున్న నాలుగ్గంటలకి లేసి, ఆటోలో పడుకోబెట్టుకుని పలాస ఎల్లేది. ఆఖరికి ఏటి మిగిలింది? మల్లీ అదే పని నాకోసం సెయ్యమని ఏ మొహం పెట్టుకుని సెప్పాలి? ఈ ఆర్నెల్లూ పని సేసుకుని ఎల్తే, తరవాత సూద్దుమనుకున్నాను."

ఈశ్వర్‌కు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. తండ్రి చివరి రోజుల్లో మంచం మీద ఇలాగే, కుండలా ఉబ్బిన కాళ్ళతో పడుకునేవాడు. ఆ కాళ్ళను ఎత్తి దిండు మీద పెట్టేటప్పుడు ఎంత బరువుండేవో అతని చేతులకు ఇంకా తెలుసు.

"ఎల్దాం, లెగు," అన్నాడు ఢిల్లీరావు. లేవబోయి ఒక అడుగు వేసి, తూలాడు. కుడివైపుకు. ఈశ్వర్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ గడ్డి మీద పడ్డారు. వాళ్ళ కాళ్ళ కింద నుంచి ఒక రాయి ఊడి కిందికి దొర్లింది. అది నీటిలో పడిన చప్పుడు పైకి వినిపించలేదు.

ఢిల్లీరావు కుడి పిక్క కొంకర్లు పోయి రాయిలా గట్టిపడింది. అతను జేబులోంచి మాత్రల అట్ట తీసి ఒకటి నోట్లో వేసుకున్నాడు. నొప్పుల మాత్ర.

"నువ్విక్కడే ఉండు. నానెల్తాను," అన్నాడు ఈశ్వర్.

"నువ్వెల్లలేవు."

"నువ్వు ఎల్లగలవేటి?"

ఢిల్లీరావు గట్టిపడ్డ పిక్కను నొక్కుకున్నాడు. పక్కనే ఉన్న మొగలి పొద నీడలో అతన్ని కూర్చోబెట్టి, నిండు సీసా చేతికిచ్చి, జీపీఎస్ అంకెలు రాసిన కాగితం తీసుకుని ఈశ్వర్ బయలుదేరాడు. పది అడుగులు వేశాక వెనక్కి చూశాడు. ఢిల్లీరావు చెయ్యి ఊపాడు, వెళ్ళమన్నట్టు.

కొస ఇంకా అరగంట నడక ఉందనగా బాట తెగిపోయింది. మొన్నటి వానలకు కాబోలు, కొండ వెన్ను ఒకచోట విరిగిపడి, ఏడెనిమిది అడుగుల మేర వట్టి మట్టి, గులకరాళ్ళ వాలు మిగిలింది. పూర్వం కట్టిన తాడు ఒకటి అవతలి ఇనుప మేకుకు వేలాడుతోంది. ఇవతలి కొస తెగి ఉంది.

ఈశ్వర్ అక్కడ కూలబడ్డాడు. ముందుకు వెళ్ళలేనని అతనికి తెలిసింది. అది ఆలోచించి తెలుసుకున్న సంగతి కాదు. కాళ్ళు చెప్పాయి. వెనక్కి వెళ్ళి, దారి లేదు బావా అంటే, ఢిల్లీరావు నమ్ముతాడు. ఆ తర్వాత? రేపటికి నీళ్ళు అయిపోతాయి. గాలి మారితే బోటు పోతుంది. బావ కాళ్ళు ఇంకా ఉబ్బుతాయి.

చెప్పులు విప్పేశాడు. బోర్లా పడుకుని, పొట్ట నేలకు ఆనించి, పక్కకు జరగడం మొదలుపెట్టాడు. వేళ్ళు మట్టిలోకి గుచ్చాడు. మట్టి వదులుగా ఉంది. ఒక కాలు పెట్టి, అది నిలుస్తుందని తేలాక రెండో కాలు. మధ్యలో కుడికాలి కింద గులక జారింది. ఒళ్ళు జానెడు కిందికి దిగింది. చెంప మట్టికి ఆనించి కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు. గుండె నేలకేసి కొట్టుకుంటోంది. కింద నీళ్ళు రాళ్ళ సందుల్లోకి దూరి బయటికి వస్తున్న హోరు. ఆ హోరు పుట్టినప్పటి నుంచి వింటున్నదే. ఇంత పైనుంచి వినడమే కొత్త.

ఎంతసేపు ఉన్నాడో తెలియదు. చెయ్యి చాపితే తాడు తగిలింది. అది పట్టుకుని అవతలికి పాకాడు.

లైటు స్తంభం సిమెంటు దిమ్మ మీద ఉంది. దిమ్మ ఇవతల నిలబడితే ఫోనులో ఏమీ రాలేదు. అవతలివైపు, సముద్రం మీదకు ఉన్న అడుగున్నర అంచు మీదకు వెళ్ళి, ఒక చేత్తో ఇనుప చువ్వ పట్టుకున్నాక ఒక గీత వచ్చింది. తర్వాత రెండు. రాజేంద్ర నంబరు నొక్కాడు.

రాజేంద్ర రెండో రింగుకే తీశాడు. నిన్నటి నుంచీ వాళ్ళ కోసం వెతుకుతున్నామన్నాడు. ఈశ్వర్ అంకెలు చదివాడు. రాజేంద్ర తిరిగి చదివి సరిచూసుకున్నాడు.

"దగ్గర్లో మనవాళ్ళ బోటొకటుంది. చీకటి పడేలోపు వచ్చేస్తది. కోస్ట్‌గార్డుకీ చెప్తాను. మనుషులు బాగున్నారా?"

"బావకి ఒంట్లో బాగునేదు. ఆసుపత్రికి తీసుకెల్లాల."

"సరే, ఏర్పాటు చేస్తాను. మీరు ఒడ్డు దగ్గరుండండి."

పెట్టేయగానే ఫోను మోగింది. రజని. ఈశ్వర్ అక్క, ఢిల్లీరావు భార్య. చుట్టూ గోల వినిపిస్తోంది. పూండి సంతలో చేపల గంప ముందు కూర్చుని ఉంటుంది.

"అయిదు దినాలై ఫోన్లు సేత్తన్నాను. ఏటైపోనారు మీరు?"

"గేరిరిగిపోనాది అప్పా. ఇప్పుడు బోటొత్తంది. పర్లేదు."

"మీ బావకియ్యి."

ఈశ్వర్ వెనక్కి తిరిగి కొండ వెన్ను వైపు చూశాడు.

"ఈశ్వర్, మీ బావకియ్యి."

"బావ ఇక్కడ నేడు."

"ఏడి?" ఆ ఒక్క మాటలో ఆమె గొంతు మారిపోయింది. సముద్రం మీదకు మనిషిని పంపిన ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. ఈశ్వర్ కంగారుపడ్డాడు.

"ఉన్నాడు, ఉన్నాడప్పా. కొండ మీద కూకున్నాడు. నడవలేకపోనాడు." ఆగాడు. చెప్పకుండా ఆపడానికి ఇక వీల్లేదు. "కాళ్ళు పొంగినాయి. బయలెల్లే ముందు రెత్తపరీచ్చలో తేలిందంట. నీకు సెప్పొద్దన్నాడు."

అవతల సంత గోల మాత్రమే వినిపించింది. ఎవరో ఆమెను చేప ఏ ధరని అడుగుతున్నారు. ఈశ్వర్ చువ్వ పట్టుకున్న చెయ్యి చెమటకు జారుతోంది.

"ఎన్ని పాయింట్లు?" అంది రజని.

"రెండు పాయింట్ల ఎనిమిది."

"అప్పుడా ఇప్పుడా?"

"అప్పుడు. నెలన్నరైంది."

"నొప్పి మాత్రలు మింగుతున్నాడా?"

"ఇందాకే మింగినాడు."

"అవి తీసి పారీ. కిడ్నీల్ని ముందు అవే తినెత్తాయి. నీళ్ళు ఒక్కసారి పట్టించీకు, కక్కెత్తాడు. గుక్కెడు గుక్కెడు తాగించు. ఎండలో ఉంచకు." ఆమె ఏడవడం లేదు. నోటికొచ్చిన పాఠం అప్పజెప్పినట్టు చెప్తోంది. చివర మాత్రం కాస్త ఆగింది. "నాన్నకి తెలిసిన దినానికి తొమ్మిది దాటిపోనాయిరా. అప్పుడు మనం సెయ్యడానికేటీ నేకపోయింది. ఇప్పుడుంది. మీ బావకి ఆ మాట సెప్పు. నాను సెప్పినానని సెప్పు."

"సెప్తాను."

"బేగెల్లు. ఒక్కడినీ ఒగ్గీకు."

తెగిన బాట దాటడానికి ఈసారి తాడు పట్టుకున్నాడు. అది సగం దాకానే వచ్చింది. మిగతా సగం ఎలా దాటాడో తర్వాత ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. కొండ వెన్ను మీద దాదాపు పరిగెత్తాడు. గాలి పెరిగింది.

మొగలి పొద దగ్గర బావ లేడు.

సీసా పడి ఉంది. అందులో నీళ్ళు అలాగే ఉన్నాయి. "బావా," అని పిలిచాడు. గాలి ఆ పిలుపును ఎత్తుకుపోయింది. కుడివైపు తెగిన అంచున, రెండు బారల కింద, ఒక ముళ్ళకంపకు ఢిల్లీరావు తలకు చుట్టుకునే తువ్వాలు చిక్కుకుని ఎగురుతోంది.

ఈశ్వర్ మోకాళ్ళ మీద కూలబడి అంచు దాకా పాకి కిందికి చూశాడు. పొద్దున్నించీ చూడకూడదని బిగబట్టుకున్నవాడు, ఇప్పుడు తల పూర్తిగా బయటికి పెట్టి రాయి రాయీ వెతికాడు. తెల్లటి నురగ, నల్లటి రాళ్ళు. ఇంకేమీ లేదు. అక్కకు ఏమని చెప్పాలి? ఉన్నాడని ఇప్పుడే కదా చెప్పాను అనుకున్నాడు.

వెనక నుంచి ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు వచ్చింది.

ఎడమవైపు వాలులో, ఇంకో మొగలి పొద కింద, ఢిల్లీరావు చేతుల మీద ఆనుకుని ఉన్నాడు. ఎండ తిరిగాక ఇటువైపు నీడ చిక్కగా ఉందని పాకుతూ దిగాడట. తువ్వాలు గాలికి పోయిందట. ఈశ్వర్ పక్కన కూలబడి అతని భుజం గట్టిగా పట్టుకున్నాడు. వదలడానికి చాలాసేపు పట్టింది.

"దొరికిందా?" అన్నాడు ఢిల్లీరావు.

"దొరికింది. పొద్దుగూకే ముందు బోటొత్తంది."

నీళ్ళు మూతలో పోసి తాగించాడు. మూతెడు, ఆగి మళ్ళీ మూతెడు. జేబులోంచి మాత్రల అట్ట తీసి విసిరేశాడు. ఢిల్లీరావు అతని మొహంలోకి చూశాడు.

"ఎవులు సెప్పినారు నీకిలాగ?"

"అప్ప."

ఢిల్లీరావు మొహం తిప్పుకున్నాడు. తిడతాడని ఈశ్వర్ ఎదురుచూశాడు. తిట్టలేదు. మరో నాలుగు మూతల నీళ్ళు తాగాక, సముద్రం వైపే చూస్తూ అడిగాడు.

"ఏటందాది?"

"నాన్నకి తెలిసినప్పటికి సెయ్యడానికేటీ నేదంట. నీకు ఉందంట. సెప్పమంది."

ఢిల్లీరావు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతుంటే ఈశ్వర్ చూడనట్టు సీసాకు మూత పెట్టాడు.

దిగడానికి మధ్యాహ్నమంతా పట్టింది. కొన్నిచోట్ల ఈశ్వర్ బావను వీపున మోశాడు. అడవిలో రెండుసార్లు పడ్డారు. ఇసుక మీదకు వచ్చేసరికి పొద్దు కొండ వెనక్కి వాలింది. కామేశ్ రెండు లంగర్లూ దించి, బోటు మీద నిలబడి చేతులూపాడు. ఇంకాస్సేపటికి మలుపు తిరిగి రాజేంద్ర పంపిన బోటు వచ్చింది.

ఢిల్లీరావును పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచారు. అంకె నాలుగు దాటిందని, ఒంట్లో నీళ్ళు తగ్గడం, నొప్పుల మాత్రల వల్ల అలా ఎగిరిందని, కొంత దిగవచ్చని డాక్టరు చెప్పాడు. తర్వాతి ఓడకు బావా బావమరుదులిద్దరూ విశాఖ వచ్చి రైలెక్కారు.

పలాస స్టేషన్లో రజని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. భర్తను పైనుంచి కింది దాకా చూసింది. కాళ్ళ దగ్గర చూపు ఆగింది.

"ఇంటికెల్లి తానం సేసొత్తాను," అన్నాడు ఢిల్లీరావు మెల్లగా.

"ఆసుపత్రిలో తానం సేసినావా నేదా అని అడగరు," అని ఆటో పిలిచింది. దారి పొడుగునా అతనితో మాట్లాడలేదు. రాత్రి ఇంటికి వచ్చి, అన్నం పెట్టి, అప్పుడు ఏడ్చింది. నాకు సెప్పకుండా ఓడెక్కీసినావని ఒకటే మాట అంది, మళ్ళీ మళ్ళీ.

డయాలసిస్ ఇప్పుడే అక్కర్లేదన్నారు డాక్టర్లు. మందులు, తిండి, నీళ్ళు అన్నిటికీ లెక్క చెప్పారు. దూరం వేటకు వెళ్ళవద్దన్నారు. ఢిల్లీరావు ఒడ్డున వలలు అల్లుతున్నాడు. బోట్లు బయలుదేరే వేళకు మాత్రం ఇంట్లోనే ఉండిపోతాడు. ఈశ్వర్ ఊళ్ళో బోటు మీదే వేటకు వెళ్తున్నాడు. ఆ కొండ ఇప్పటికీ అప్పుడప్పుడు కలలోకి వస్తుంది. కలలో తాడు ఉండదు.

మూడు నెలలకు మళ్ళీ రక్తపరీక్ష. ముగ్గురూ పలాస వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. పేరు పిలిచేదాకా ఢిల్లీరావు మోకాలు ఆగకుండా ఆడుతూనే ఉంది. రజని దాని మీద చెయ్యి పెట్టి ఉంచింది. కాగితం వచ్చాక ఆమే తీసుకుని చదివింది. రెండు పాయింట్ల తొమ్మిది.

"తగ్గిందేటి?" అన్నాడు ఢిల్లీరావు.

"నాలుగు నుంచి దిగింది. ఇక్కడే ఆగాల," అని ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "లెగు, బస్సు ఎలిపోతాది."